మీ ఊరి ఆలోచనల చరిత్ర రాయాలంటే: ఒక్క మాట పట్టుకుని మొదలుపెట్టే పద్ధతి

నల్లగొండలో, పాలమూరులో పీజీ చదివే పిల్లలు, బడిలో సోషల్ చెప్పే టీచర్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే. "సార్, గుళ్ల చరిత్ర, గడీల చరిత్ర ఎట్లా రాయాలో తెలుసు. ఆలోచనల చరిత్ర అంటరు గదా, అది మా ఊరి మీద ఎట్లా రాయాలె? మా దిక్కు తత్వవేత్తలెవరూ లేరు గదా!"

ఇలాంటి మాట మనకు కొత్త కాదు. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఒకరు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి ఊరూరి నుంచీ వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. మీరు చేయాల్సిన పనీ అలాంటిదే. ఆలోచనలు పెద్ద పుస్తకాల్లోనే ఉండవు. జనం ఒక మాటను ఎవరి ముందు, ఏ ధైర్యంతో, ఏ పని కోసం వాడారో అందులో ఉంటాయి. అందుకే ఒక మాటతో మొదలుపెట్టమంటాను. ఈ వ్యాసం పొడుగునా నేను తీసుకునే ఉదాహరణ "సంఘం". మన జిల్లాల్లో ఇంతగా రూపం మార్చుకున్న మాట ఇంకోటి నాకు కనబడలేదు.

సిద్ధాంతం గురించి ఒక్క పేరా చెప్పి వదిలేస్తాను. ఒక రాత ఏం చెబుతోందన్నదే చాలదని, అది రాసినవాళ్లు ఆ రాతతో ఏం చేయబోయారో కూడా చూడాలని ఇంగ్లండు చరిత్రకారుడు క్వెంటిన్ స్కిన్నర్ 1969లో గట్టిగా వాదించాడు. జర్మనీలో చరిత్రకారుడు రైన్‌హార్ట్ కొసెల్లెక్, ఆయన తోటివాళ్లు రాజకీయ, సామాజిక పదాల చరిత్రను 1972 నుంచి సంపుటాలుగా వేశారు. ఈ మధ్య చర్చ ముఖ్యంగా మూడు విషయాల మీద నడుస్తోంది. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి పోయినప్పుడు ఆలోచనకు ఏమవుతుంది? చదువు రానివాళ్ల ఆలోచనలను ఎట్లా పట్టుకోవాలి? కంప్యూటర్‌లో మాటలు లెక్కపెడితే అర్థం తెలుస్తుందా? తెలుగు, ఉర్దూ కలిసి బతికిన మన ప్రాంతంలో ఈ మూడూ మీకు మొదటి వారంలోనే ఎదురవుతాయి.

కావలసినవి

ఒక మాట. నాలుగైదు వందల చిన్న కార్డులు (చార్టు పేపరు కోసుకున్నా సరిపోతుంది). రికార్డింగు బాగా వచ్చే ఫోను. జిల్లా గ్రంథాలయంలో సభ్యత్వం. హైదరాబాదుకు కనీసం నాలుగు ట్రిప్పులు. ఉర్దూ చదవగలిగే ఒక మనిషి. మూడు నెలల టైము. నెలలో అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఎలాగూ టెన్షన్ పడాల్సి వస్తుంది.

1. మాటను ఎంచుకోండి

మీ ఊళ్లో ఇప్పటికీ నోట్లో ఆడుతున్న మాటైతే మంచిది. సంఘం, వెట్టి, దొర, హక్కు, ఇజ్జత్, వలస ఇలాంటివి. పాలమూరు వాళ్లకు "వలస" బంగారు గని లాంటి మాట. "ప్రజాస్వామ్యం" లాంటివి మొదటిసారి పెట్టుకోకండి. ఆధారాలు లక్షల్లో దొరికి మునిగిపోతారు, ఊరి వాసన మాత్రం రాదు.

ఎంచుకున్నాక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఇంట్లో వేర్వేరు వయసుల ముగ్గురి దగ్గర ఆ మాట అనండి. ముగ్గురికీ ఒకే సంగతి గుర్తొస్తే మాట మార్చండి, వేర్వేరు సంగతులు గుర్తొస్తే అదే మీ మాట.

2. నిఘంటువులు వరసగా చూడండి

బ్రౌన్ నిఘంటువు (1852), బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885), తర్వాత సూర్యరాయాంధ్ర నిఘంటువు. ఇవన్నీ ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఒకేచోట వెతకొచ్చు. "సంఘము"కు గుంపు, సమూహం అనే అర్థం కనిపిస్తుంది. మన తాతలు "సంఘం" అన్నప్పుడు వాళ్ల గొంతులో ఉన్న వేడి అక్కడ దొరకదు. నిఘంటువు కావ్యాలు చూసి కట్టినది. దాన్ని మొదటి మెట్టుగా వాడండి, తీర్పుగా వాడకండి.

మాటకు పుట్టిన పిల్లలనూ చూడండి. బడిలో "సాంఘిక శాస్త్రం" అంటున్నాం, ప్రతాపరెడ్డి 1949లో వేసిన పుస్తకం పేరు "ఆంధ్రుల సాంఘిక చరిత్ర". ఈ రెండు చోట్లా "సంఘం" అంటే ఇప్పుడు మనం "సమాజం" అంటున్నదే. "సంఘ సంస్కరణ"లోనూ అదే అర్థం. అంటే 1940ల్లో నల్లగొండ చదువరికి "సంఘం" అంటే సమాజం, అదే ఊళ్లో రైతుకు "సంఘం" అంటే ఎర్రజెండా పట్టుకుని వచ్చిన మనుషులు. ఒకే ఏడాది, ఒకే ఊరు, ఒకే మాట. ఇలాంటి జంట కనిపించినప్పుడు ఆగి రెండు కార్డులు రాసుకోండి. మీ వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది.

3. ఊరు, జిల్లా, ఏడాది సరిచేసుకోండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. ఎక్కువ తప్పులు పుట్టేదీ ఇక్కడే.

జిల్లాల హద్దులు మారాయి. 1946 జూలై 4న తెలంగాణ సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య చనిపోయిన కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉంది. 1953లో జనగామ వరంగల్ జిల్లాకు పోయింది. ఇప్పుడు జనగామే జిల్లా. 1936లో నిజాం రాజ్యపు తెలుగువాళ్ల సంస్థ అయిన ఆంధ్ర మహాసభ అయిదోసారి జరిగిన షాద్‌నగర్ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాది, 2016 నుంచి రంగారెడ్డిది. ఇప్పటి జిల్లా పేరుతో మాత్రమే వెతికితే సగం కాగితాలు మీకు కనబడవు. 1890కి ముందటి సంగతి అయితే మహబూబ్‌నగర్ అనే పేరే దొరకదు, పాలమూరు అని వెతకాలి.

ఒకే పేరున్న ఊళ్లతో జాగ్రత్త. 1941లో ఎనిమిదో ఆంధ్ర మహాసభ చిలుకూరులో జరిగింది. అది కోదాడ దగ్గరి చిలుకూరు. బాలాజీ గుడి ఉన్న చిలుకూరు అనుకుని రాసిన ప్రాజెక్టు ఒకటి నేనే దిద్దాను.

ఇక ఫస్లీ. నిజాం రాజ్యపు కాగితాల మీద ఏడు ఫస్లీలో, అంటే పన్నుల లెక్క కోసం వాడిన ఏళ్ల వరసలో ఉంటుంది. ఏడాది ఆజూరు నెలతో, అంటే అక్టోబరు మొదట్లో మొదలవుతుంది. లెక్క ఇలా: కాగితం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలిదైతే ఫస్లీకి 590 కలపండి, జనవరి నుంచి సెప్టెంబరు లోపలిదైతే 591 కలపండి. మీ లెక్క సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఒక గుర్తు: జాగీర్ల రద్దు చట్టం 1358 ఫస్లీది, వచ్చిన రోజు 1949 ఆగస్టు 15. 1358కి 591 కలిపితే 1949. నెల తెలియకపోతే "1948–49" అని రెండూ రాయండి, ఒకటి ఊహించకండి. కోస్తా జిల్లాల ఫస్లీ జూలైలో మొదలయ్యేది కాబట్టి అక్కడి పట్టిక తెచ్చి ఇక్కడ వాడకూడదు.

దీని మీద ఇంత పట్టు ఎందుకంటే, నేను దెబ్బతిన్నాను. ఒక స్కాన్ జాబితాలో 1953 అని ఉన్న చిన్న పుస్తకాన్ని అలాగే రాసుకుని, దాని మీద రెండు పేజీల వాదం కట్టాను. చివరి అట్ట తిప్పి చూస్తే అచ్చుతో 1353 ఫ. అని ఉంది. ఎవరో అది అచ్చుతప్పు అనుకుని 1953 చేసినట్టున్నారు. 1353 ఫస్లీ అంటే 1943–44. మధ్యలో సాయుధ పోరాటం, పోలీసు చర్య, జాగీర్ల రద్దు అన్నీ జరిగిపోయాయి. రెండు పేజీలూ కొట్టేయాల్సి వచ్చింది. అప్పటినుంచి జాబితాలో ఏడును నమ్మను, ముఖపత్రం, చివరి అట్ట రెండూ ఫోటో తీసుకుంటాను. మీరూ తీసుకోండి.

4. పాత పత్రికలు, పుస్తకాల్లో వెతకండి

మన దగ్గర 1922లోనే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. హైదరాబాదు నుంచి 1926లో గోలకొండ పత్రిక మొదలైంది. జిల్లా గ్రంథాలయంలో ఏమున్నాయో ముందు అడగండి. తర్వాత హైదరాబాదులో సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం (1901లో పెట్టింది), బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. పోయేముందు ఫోన్ చేసి టైమింగ్స్ కనుక్కోండి, కాలేజీ నుంచి ఒక లెటరు తీసుకుపోండి. ఇంట్లో నుంచే చేయాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లు చాలా ఉన్నాయి.

వెతికేటప్పుడు "సంఘం" అని ఒక్కటే కొడితే లాభం లేదు. పాత అచ్చులో "సంఘము", "సంఘమునకు", "సంఘమందు" అని ఉంటుంది. స్కాన్‌ను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ "ఘ"ను చాలాసార్లు ఇంకేదో చేస్తుంది. "సంగం" అని కూడా కొట్టండి, కాని అప్పుడు వాడపల్లిలో కృష్ణా, మూసీ కలిసే సంగమం కూడా జాబితాలోకి వస్తుంది. అది తీసేయండి. మెషీన్‌కు దొరకలేదు కాబట్టి మాటే లేదని మాత్రం ఎప్పుడూ రాయకండి. కనీసం ఒక ఏడాది సంచికలు చేత్తో తిప్పి, కంటితో చదవండి. అప్పుడే మాట పక్కన ఏ మాటలు వస్తున్నాయో తెలుస్తుంది.

ఇంకో హెచ్చరిక. ఆ రోజుల్లో సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి, గస్తీ నిషాన్ 53 అని ఆజ్ఞ ఉండేది. అందుకని తీర్మానాల్లో మాటలు మెత్తగా ఉంటాయి. గ్రంథాలయం, విద్య, సంస్కరణ అని రాసిన చోట ఇంకా చాలా ఉండొచ్చు. ఉండొచ్చు అన్నాను, ఉందని అనలేదు. పక్క ఆధారం దొరికినప్పుడే ఆ మాట రాయండి.

5. ప్రతి వాడుకకూ ఒక కార్డు

కార్డు మీద ఆరు సంగతులు: ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఏ పని కావాలని అన్నారు, ఎక్కడ ఎప్పుడు, ఆ వాక్యం ఉన్నది ఉన్నట్టు, నేను చూసింది ఎక్కడ (పేజీ నంబరుతో). మూడోది రాయడం కష్టం, కాని అసలు పని అదే. 1921లో హైదరాబాదులో చదువుకున్నవాళ్లు ఆంధ్ర జన సంఘం పెట్టినప్పుడు ఆ మాటతో భాషకు గౌరవం అడిగారు. 1944లో భువనగిరిలో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడుగా ఆంధ్ర మహాసభ జరిగింది. ఊళ్లల్లో జనం ఆ మహాసభనే "సంఘం" అనేవాళ్లు. ఆ తర్వాత ఊళ్లో "సంఘం పెట్టినం" అన్నవాళ్లు వెట్టి చేయం అని చెప్పారు. "సంఘం" అనే రెండక్షరాలు అవే. వాటితో చేసిన పని వేరు.

ఫోన్‌లో, ఎక్సెల్‌లో రాసుకుంటామంటే రాసుకోండి. నేను కార్డులే ఎందుకంటానంటే, చివర వాటిని నేల మీద పరిచి వరసలు మార్చి చూడాలి.

6. ఉర్దూ కాగితాలను వదలకండి

ఆఫీసు కాగితాలు ఉర్దూలో నడిచాయి. అక్కడ మీ మాట ఉండదు, దాని బదులు "అంజుమన్" (ఉర్దూలో సంఘానికి మాట) ఉండొచ్చు, లేదా తెలుగు పేరునే ఉర్దూ లిపిలో దించి ఉండొచ్చు. చదివిపెట్టే పెద్దమనిషికి "సంఘం గురించి ఏముందో చెప్పండి" అనొద్దు, ఆయన తన మాటల్లో సారాంశం చెప్పేస్తారు. "ఈ లైను ఉన్నది ఉన్నట్టు చదవండి భాయ్ సాబ్" అని అడిగి, ఆ శబ్దాన్ని తెలుగు అక్షరాల్లో దించుకుని, అర్థం దాని కింద విడిగా రాసుకోండి. పోలీసు కాగితంలో ఉన్న మాట పోలీసు మాటే, ఊరివాళ్ల మాట అయిపోదు. కార్డు మీద "ఎవరు అన్నారు" దగ్గర అది గుర్తుంచుకోండి.

7. పెద్దవాళ్లతో మాట్లాడండి

1946లో పదేళ్లున్న మనిషికి ఇప్పుడు తొంభై దాటుతున్నాయి. కాబట్టి ఈ పని మాత్రం రేపటికి వాయిదా వేయకండి. పుస్తకాలు ఆగుతాయి.

అడిగే తీరు ముఖ్యం. "అవ్వా, సంఘం అంటే ఏంది?" అంటే ఆమె మనకు నచ్చే జవాబు చెబుతుంది, లేదా "నాకేం ఎరుక బిడ్డా" అంటుంది. "సంఘం వచ్చినప్పుడు మీ ఇంట్ల ఏం జరిగింది?" అని అడగండి. సూర్యాపేట దిక్కు ఒక ఊళ్లో నేను అలా అడిగితే ఒక అవ్వ ఇలా అంది: "సంగం వచ్చినంక మా నాయిన గడి ముందట చెప్పులిడువలే." అంతే, ఇంకేం అనలేదు. చేతిలో ఉన్న చింతపండు తొక్క తీస్తూ కాసేపు ఊరుకుంది. అరగంట తర్వాత కోడలు వచ్చి పిలిస్తే, "ఉండు బిడ్డా, శుక్రవారం సంగం మీటింగ్ ఉన్నది, పొదుపు కట్టాలె" అంటూ లేచింది. ఒకే నోట, ఒకే పొద్దున, రెండు సంఘాలు. మొదటిది గడి ముందు, అంటే దొర కోటలాంటి ఇంటి ముందు, చెప్పులు విడవకుండా నిలబడటం. రెండోది మహిళా పొదుపు సంఘం, ఊళ్లో గ్రామైక్య సంఘం, బ్యాంకు లోను. ఆమెకు ఈ రెండూ వేర్వేరా, ఒకటి ఇంకోదాన్ని గుర్తుచేస్తుందా అని అడగడానికి నేను ఇంకోసారి పోవాల్సి వచ్చింది. మీరైతే అక్కడే అడగండి.

ఆ కార్డు మీద ఇంకో మాట రాయాలి: ఆమె కళ్లారా చూసింది కాదు, తండ్రి చెబితే విన్నది. విన్నదానికీ విలువ ఉంది, చూసినదానితో కలపకూడదు, అంతే.

రికార్డు చేసేముందు ఒప్పుకోలు అడగండి, ఆ ఒప్పుకోలునూ రికార్డు చేయండి. పేరు రాయొద్దంటే రాయకండి. రాసుకునేటప్పుడు ఆమె "సంగం" అంటే "సంగం" అనే రాయండి, పుస్తకభాషలోకి దిద్దకండి. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళల బృందం వాళ్లు తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ల మాటలను 1986లో పుస్తకంగా తెచ్చారు. ఇంటర్వ్యూలకు పోయేముందు అది చదివితే మీ ప్రశ్నలు సగం మారిపోతాయి.

8. కార్డులు పరిచి, మలుపులు వెతకండి

ముందు ఏళ్ల వరసలో పెట్టండి. తర్వాత అవే కార్డులను ఎవరు అన్నారన్న లెక్కన మళ్లీ పెట్టండి. రెండు వరసలూ ఒకే కథ చెబితే మీరు ఏదో ఒక గుంపు కాగితాలే చూశారని అర్థం, మూడో వరసకు ఆధారాలు తెచ్చుకోండి. ఖాళీలు ఎక్కడున్నాయో పెన్సిలుతో రాయండి. వ్యాసంలో ఆ ఖాళీని దాచకుండా చెప్పండి.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నింటికన్నా పెద్దది తెగని దారం అల్లడం. ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండ మీద బౌద్ధ భిక్షువుల సంఘం ఉండేది, అదే జిల్లాలో 1940ల్లో సంఘం వచ్చింది, ఇప్పుడు పొదుపు సంఘం ఉంది, కాబట్టి రెండువేల ఏళ్ల సంఘ భావన మన నేలలోనే ఉందని రాసేస్తారు. వినడానికి ఎంత బాగుంటుందో! మధ్యలో కొన్ని వందల ఏళ్లకు ఒక్క కార్డూ ఉండదు. మాట ఒకటైనంత మాత్రాన ఆలోచన చేతులు మారి వచ్చిందని చెప్పలేం. ఎవరు ఎవరి దగ్గర విన్నారో చూపించగలిగితేనే దారం కట్టండి.

రెండోది, దీనికి తలకిందులు. మాట లేదు కాబట్టి ఆలోచనే లేదనడం. "సంఘం" అనే మాట రాకముందు కూడా జనం కలిసి "పన్ను కట్టం" అన్నారేమో, కలిసి ఊరు విడిచి పోయారేమో. ఆ పనికి అప్పుడు ఏ పేరు పెట్టారో వెతకండి.

మూడోది, జ్ఞాపకాల పుస్తకాలను ఆనాటి కాగితాల్లా వాడటం. పోరాటంలో ఉన్నవాళ్ల పుస్తకాలు చాలావరకు దశాబ్దాల తర్వాత వచ్చాయి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పోరాటం మీద రాసిన పుస్తకమే 1972ది. 1946 సంగతికి అవి ఆధారమే, 1946 నాటి మాటకు మాత్రం కావు. అట్లాంటి కార్డు మీద రెండు ఏళ్లూ వేయండి.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

వ్యాసం రాశాక ప్రతి పేరాకూ పక్కన కార్డు నంబరు వేయండి. కార్డు లేని పేరా ఉంటే అది మీ ఊహ, తీసేయండి లేదా ఊహ అని చెప్పండి.

తర్వాత మీ మాట ఉన్న చోటల్లా దాన్ని తీసి ఇప్పటి అర్థం పెట్టి చదవండి. "సంఘం" బదులు "సమాజం" అనో "పొదుపు గ్రూపు" అనో పెట్టినా వాక్యం ఏ ఇబ్బందీ లేకుండా నడిచిపోతోందంటే, ఆనాటి అర్థం మీ రాతలోకి రాలేదు. కార్డు మీది అసలు వాక్యాన్ని తెచ్చి పేరాలో పెట్టండి.

ఆఖరుగా, మాట్లాడిన పెద్దవాళ్లలో ఒకరికైనా ఇంటికి పోయి చదివి వినిపించండి. నేను సూర్యాపేట దిక్కు అవ్వకు ఆమె మాట చదివితే, "చెప్పులిడువలే అని రాసినవ్ మంచిగనే, గని ఆ చెప్పులు కొత్తయి, ఆ దినమే కుట్టిచ్చిండు, అది రాయలే" అంది. కార్డు మీద చేర్చుకున్నాను.